అందించిన పేరు

28 నవంబరు 1971, ఆదివారం

అండమానుకు పదిహేను రోజుల టపా ఒక్కసారే వచ్చింది. అందులో ఈడిత్ అమ్మ ఉత్తరం ఉంది. రాజమండ్రి మిషను బోర్డింగులో నాకు అక్షరాలు దిద్దించిన దొరసానమ్మ. అమెరికా వెళ్ళిపోయి ఏడేళ్ళయినా ఆవిడ తెలుగు రాత నా రాతకన్నా గుండ్రంగా ఉంటుంది. నేనేమో తెలుగు టీచర్ని.

ఆవిడ తమ్ముడు వాల్టర్ ఎన్నికలకు నిలబడుతున్నాడట. "కోటుకు చిన్న జెండా గుచ్చుకొని తిరుగుచున్నాడు. ఇక్కడ రెండు పార్టీలవారును జెండా మాదంటే మాదని లాగుకొనుచున్నారు. యుద్ధము వద్దన్నవాడు ద్రోహి. నోరు మూసుకొన్నవాడు దేశభక్తుడు. కార్ల వెనుక కాగితములు అంటించుకొన్నారు: ప్రేమించు, లేదా వెళ్లిపో. ఇరవై ఆరేండ్లు మీ దేశములో ఉండి వచ్చినదానను. నాకు ఏది వెళ్లుటయో, ఏది వచ్చుటయో తెలియుట లేదు. ఓడలో ఉన్నవాని తల్లివి గనుక వేదిక మీద కూర్చుండుమని వాల్టర్ పిలిచెను. నేను పోలేదు."

ఆవిడ కొడుకు టామీబాబు ఇంకా ఆ అమెరికా యుద్ధపు ఓడ మీదే ఉన్నాడు. ఏ సముద్రమో రాయకూడదట. వాడికి ఇరవై మూడేళ్ళంటే నమ్మబుద్ధి కాదు. బోర్డింగులో వాణ్ణి చంకన వేసుకుని తిప్పింది నేనే. "గ్నానక్కా" అని పిలిచేవాడు, జ్ఞానవతి అని నోరు తిరగక.

ఉత్తరం చివర ఎప్పటి మాటే: "నా బిడ్డ పేరు ప్రార్థనలో మరువకుడి." ఎలా మరుస్తాను? రెండేళ్ళుగా మా ప్రార్థన చీటీలో నాలుగో పేరు వాడిదే.

1 డిసెంబరు, బుధవారం

ప్రార్థన కూటం బాగా జరిగింది. యిర్మియా బాబాయి డ్యూటీ దిగి, హోప్ టౌన్ ఫెర్రీ మీదే ఇటు వచ్చి, ఖాకీ చొక్కాతోనే కూర్చున్నాడు. ఆయన ఆ ఫెర్రీలో ఖలాసీ. ఒడ్డు రాగానే తాడు విసిరి కట్టడం, కదిలేముందు విప్పడం ఆయన పని. చదువు రాదు. కానీ మా వీధిలోనే ఉన్న ఈ డిగ్నాబాద్ రేకుల గదిలో ఆయనలా ప్రార్థన చేసే మనిషి మరొకరు లేరు.

ఆయన పక్కన చాప మీద చీటీ పట్టుకుని కూర్చోవడం నా పని. ఒక్కో పేరు చెవిలో అందిస్తాను. ఆయన కళ్ళు మూసుకునే ఆ పేరందుకుని, ఆ మనిషి ఎదురుగా ఉన్నట్టు మాట్లాడతాడు. తొమ్మిదేళ్ళుగా ఇదే పద్ధతి. నేను అందించని పేరు ఆయన నోట రాదు. నేను దగ్గితే దగ్గుకి కూడా ఆగుతాడు.

పదకొండు నెలల్లో రిటైరవుతాడు. ఆ పింఛను వస్తే మేరమ్మ పిన్నికి కళ్ళ ఆపరేషన్ మద్రాసులో చేయించాలని ఉంది ఆయనకి. చీటీలో మొదటి పేరు పిన్నిదే.

నా కన్ఫర్మేషన్ ఫైలు పైకి వెళ్ళిందని హెడ్మిస్ట్రెస్ సత్యవాణిగారు చెప్పారు. తొమ్మిదేళ్ళ టెంపరరీ బతుకు. మా ఆయన రాజబాబు పోయాక ఈ ఉద్యోగం తప్ప నాకేముంది?

4 డిసెంబరు

యుద్ధం.

14 డిసెంబరు, మంగళవారం

కిటికీలకు నల్ల కాగితం అంటించాను. లాంతరు వత్తి తగ్గించి ఇది రాస్తున్నాను.

సాయంత్రం పక్కింటి నారాయణమూర్తిగారు గేటు దగ్గరే నిలబడి చెప్పారు. ఆయన రేవు ఆఫీసులో క్లర్కు, కబురు ఆయనకే ముందు తెలుస్తుంది. అమెరికావాళ్ళ యుద్ధనౌకలు మన సముద్రంలోకి వస్తున్నాయట, విమానాలు దిగే పెద్ద ఓడతో సహా. "రేడియోలో కూడా వచ్చిందండీ. మనం ఎదురుగానే ఉన్నాం" అన్నారు. వాళ్ళావిడ భారతీదేవిగారు గిన్నెలో చేపల పులుసు పంపింది. మూత పెట్టి పక్కన ఉంచేశాను.

ఆ దేశం మీద నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రజాస్వామ్యం అని మనకు పుస్తకాలు పంచిపెట్టిన దేశం.

టామీబాబు సంగతి ఎందుకో తలపుకే రాలేదు. రాస్తుంటే ఇప్పుడు వచ్చింది.

15 డిసెంబరు, బుధవారం

చీకటి పడితే దీపాలు పెట్టకూడదని నాలుగింటికే ప్రార్థన పెట్టుకున్నాం. ఆరుగురమే. కొత్త చీటీ రాసే తీరిక లేక పోయినవారం చీటీయే తీసుకెళ్ళాను. పేర్లన్నీ అందించాను, ఒక్కటీ వదల్లేదు.

బాబాయి గొంతు ఎప్పటికన్నా పెద్దది ఇవాళ. "సముద్రం మీదున్న టామీబాబుని, ఆ బాబున్న ఓడని, ఆ ఓడలో ఉన్న అందర్నీ ఏ గాలీ ఏ గుండూ తగలకుండా ఒడ్డుకి చేర్చు తండ్రీ" అన్నాడు. రెండేళ్ళుగా అనే మాటలే. కిటికీలు తెరిచే ఉన్నాయి, ఉక్కగా ఉంది.

17 డిసెంబరు, శుక్రవారం

గెలిచాం. ఢాకాలో లొంగిపోయారు. స్కూల్లో పిల్లలకు మిఠాయి పంచాం. స్టాఫ్ రూమ్‌లో పొద్దుటినుంచీ అమెరికా ఓడల మాటే. ఆ దేశంతో ఉత్తర ప్రత్యుత్తరాలున్న మనిషినని అందరూ నావంక చూసి, "క్యా దీదీ, మీవాళ్ళు వచ్చి వెనక్కి పోయారా?" అని వేళాకోళం. సత్యవాణిగారు కూడా నవ్వింది.

నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఏదో ఒకటి అనాలి కదా. మా కూటంలో ముసలాయన ఒకాయన మొన్న ఆ ఓడల క్షేమం కోసమే ప్రార్థన చేశాడని చెప్పాను, బాబాయి గొంతు అనుకరిస్తూ. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. "కౌన్ హై యే?" అంటే హోప్ టౌన్ ఫెర్రీలో పనిచేస్తాడన్నాను.

ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అనలేదు. మంచి రోజు.

20 డిసెంబరు, సోమవారం

బాబాయి రేవు పాసు తీసేసుకున్నారు. విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దన్నారట.

శత్రు ఓడల కోసం బహిరంగంగా ప్రార్థించాడని ఎవరో చెప్పారట. ప్రార్థన తెలుగులో జరిగింది. తెలుగు తెలిసినవాడు, రేవు ఆఫీసులో ఉన్నవాడు, మా గోడ పక్కన ఉన్నవాడు ఎవడు? నారాయణమూర్తి. గేటు దగ్గర నిలబడి మంచిగా కబుర్లు చెప్పేవాళ్ళే ఇలాంటి పనులు చేస్తారు. పులుసు గిన్నె తోమి గోడ మీద పెట్టేశాను, లోపలికి వెళ్ళి ఇవ్వలేదు.

చీటీ పొయ్యిలో వేశాను. పాత కాగితాలు పోగేసుకునే అలవాటు మంచిది కాదు.

22 డిసెంబరు

ప్రార్థన లేదు.

25 డిసెంబరు

క్రిస్మస్ ఆరాధన తర్వాత బాబాయి నా దగ్గరికి వచ్చాడు. ఆ ఖాకీ చొక్కానే ఉతికి ఇస్త్రీ చేసుకుని వేసుకున్నాడు, వేరే మంచి చొక్కా లేదు పాపం.

"ఐదో తారీకున పిలిచినారమ్మా ఆఫీసుకి. ఏటి సెప్పమంటావు?" అన్నాడు.

"ఉన్నదే చెప్పు బాబాయి" అన్నాను.

"ఉన్నదంతానా?"

నేను మేరమ్మ పిన్నికి కేకు ముక్క తీసుకురావడానికి లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆయన వేరేవాళ్ళతో మాట్లాడుతున్నాడు. పిన్ని కేకుని వేళ్ళతో తడిమి చూసుకుని తిన్నది. అంత పోయాయి కళ్ళు.

2 జనవరి 1972

బాగా ఆలోచించాను. ఆ చీటీ నాది, పేరు నేనే అందించాను, ఆయనకు చదువు రాదు, అందించిందే అంటాడు అని నేను వెళ్ళి చెప్పాననుకుందాం. ఏమవుతుంది? ఇద్దరం పోతాం. అమెరికానుంచి ఉత్తరాలు వచ్చే టెంపరరీ టీచరుని ఎవరు కన్ఫర్మ్ చేస్తారు? ఒక్క ఇంట్లోనైనా పొయ్యి వెలగాలి కదా. నా ఉద్యోగం ఉంటే రేపు పిన్నికి ఏదైనా చెయ్యగలను.

అసలు నాలుగో పేరు ఆ రోజు అందించానా? అందించినట్టు గట్టిగా గుర్తు లేదు. ఆయనకు కంఠతా వచ్చేసి ఉంటుంది.

5 జనవరి, బుధవారం

స్కూలు నుంచి మధ్యాహ్నం సెలవు పెట్టి రేవు వైపు నడిచాను. ఆఫీసు మెట్ల దాకా వెళ్ళాను. ఎండ విపరీతంగా ఉంది. వెనక్కి వచ్చేశాను.

6 జనవరి

పోలిరాజు వచ్చి చెప్పాడు. బాబాయికి మేనల్లుడు, హోప్ టౌన్‌లోనే ఉంటాడు. నిన్న వాళ్ళు హిందీలో అడిగారట, ఆ పేరు ఎవరు చెప్పమన్నారని. కాగితం ఉందా, ఎవరైనా చదివి వినిపించారా అని మూడుసార్లు అడిగారట.

"మామ ఒకటే మాట అన్నాడక్కా. కిసీనే నహీ బోలా సాబ్, ఎవరూ చెప్పలేదు, ఆ పిల్లోడి పేరు నా నోట్లోదే అన్నాడు. ఎవరో అందించినారని చెప్తే తేలికైపోయేది. వాళ్ళే దారి చూపెట్టినారు, ఈయన పట్టుకోలేదు" అన్నాడు పోలిరాజు.

చూశావా, ఆయనే ఒప్పుకున్నాడు. ఇక నేను చెప్పడానికేముంది?

7 జనవరి

తలనొప్పి.

26 జనవరి, బుధవారం

రిపబ్లిక్ డే. దేశభక్తి మీద మాట్లాడమని సత్యవాణిగారు నాకే అప్పగించారు. బాగా వచ్చింది. ఈడిత్ అమ్మ ఉత్తరంలో సంగతులన్నీ పనికొచ్చాయి, పేరు చెప్పలేదనుకో. అమెరికాలో జెండా ఎన్నికల సరుకు అన్నాను. అక్కడ కోటుకు గుచ్చుకున్నవాడే భక్తుడు, కారు వెనక కాగితం అంటించినవాడే భక్తుడు అన్నాను. "అక్కడ నోరు మూసుకున్నవాణ్ణి దేశభక్తుడంటారు. మన దేశంలో సత్యం చెప్పినవాణ్ణి దేశభక్తుడంటాం" అనగానే చప్పట్లు. ఎడ్యుకేషన్ ఆఫీసు నుంచి వచ్చినాయన పేరు అడిగి రాసుకున్నాడు.

ఇంటికొచ్చి కొళాయి దగ్గర చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. ఎండలో చెమట పట్టింది, అందుకే.

సాయంత్రం ప్రార్థనకు వెళ్ళలేకపోయాను.

11 ఫిబ్రవరి

బాబాయిని తీసేశారు. పింఛను లేదు. నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యాలి.

14 ఫిబ్రవరి

కన్ఫర్మేషన్ ఆర్డరు వచ్చింది. దేవుడికి స్తోత్రం అని రాయబోయి ఆగాను. సరే, రాశానుగా. స్తోత్రం.

29 ఫిబ్రవరి

పోలిరాజు ఇంటి వెనక రేకులు దింపి చిన్న పంచ వేశారట. బాబాయి, పిన్ని అందులోకి మారారు. సామాను చేరవెయ్యడానికి వెళదామనుకున్నాను. పరీక్ష పేపర్లు దిద్దాల్సినవి చాలా ఉన్నాయి.

కొళాయి దగ్గర భారతీదేవిగారు ఎదురుపడింది. రెండు నెలలుగా మాటల్లేవు. ఆవిడే నోరు విప్పింది. "ఆ ముసలాయన కోసం మావారు పై అధికారి దగ్గరికి మూడుసార్లు వెళ్ళారండీ. అతనికి చదువు రాదు, ఎవరో చెప్పించి ఉంటారు, కనుక్కోండి అని బతిమాలారు. ఎవరో మీ స్కూలు వైపు నుంచే కబురొచ్చిందట ఆఫీసుకి. అక్కడెవరికి తెలుస్తుందండీ ఆయన సంగతి?"

బిందె నిండకుండానే తీసుకొచ్చేశాను.

1 మార్చి

ఎవరు చెప్పి ఉంటారు? సంగీతం మేడమా? లెక్కల మాస్టారా? ఆ రోజు గదిలో ఏడుగురున్నారు.

ఏడుగురు కాదు. నాతో ఎనిమిది మంది.

12 మార్చి, ఆదివారం

ఈడిత్ అమ్మ ఉత్తరం. మొత్తం ఇక్కడ ఎక్కిస్తాను, లేకపోతే దీన్ని కూడా ఏదో ఒకటి చేసేస్తాను.

"జ్ఞానవతీ, డిసెంబరులో మా ఓడలు మీ సముద్రములోనికి పోయినవని పత్రికలో చదివితిని. టామీ ఓడ వాటిలోనే ఉండెనని తరువాత తెలిసినది. ఆ ఆదివారము వాల్టర్ మా గుడిలో ముందు బల్ల మీద కూర్చుండెను, ఎన్నికల సంవత్సరము గనుక ప్రతివారము వచ్చుచున్నాడు. ఎవరికొరకు ప్రార్థింపవలెనని పాదిరి అడుగగా నేను లేచితిని. అండమానులో జ్ఞానవతి, యిర్మియా అనువారున్నారు, రెండేండ్లుగా నా కుమారుని పేరు చెప్పి ప్రార్థించుచున్నారు, నేడు మన ఫిరంగుల ఎదుట ఉన్నారు, వారికొరకు ప్రార్థించుడి అంటిని. ఎవరును కన్నులు మూయలేదు. ఇద్దరు లేచి పోయిరి. నీవలన నాకు ఓట్లు పోవునని వాల్టర్ వాకిట్లోనే అరచెను. ఆదివారపు బడిలో నా తరగతి తీసివేసిరి. నా ఇంటి ముందు గడ్డిలో ఎవరో చిన్న జెండా పాతి, వెళ్లిపో అని కాగితము కట్టిరి. నేను ఆ కాగితము తీసి, జెండాను అక్కడనే ఉంచితిని. అది నాది కూడ గదా. నాకు దుఃఖము లేదు. ఆ దినములలో మీరును నా బిడ్డ పేరు చెప్పుట మానలేదని నాకు తెలియును."

చదివాక నేల మీద కూర్చున్నాను. సిగ్గుగా ఉంది. ఇంకో మాట దొరకలేదు.

13 మార్చి

స్టేట్‌మెంట్ రాసి, సంతకం పెట్టి, రేవు ఆఫీసుకి తీసుకెళ్ళాను. చీటీ నాది, పేరు నేను అందించాను అని నాలుగు వాక్యాలు. లోపల ఆఫీసరు చదివి మడిచి తిరిగి ఇచ్చేశాడు. "అబ్ క్యోఁ, మేడమ్? ఇప్పుడొచ్చి ఏం లాభం? ఫైలు మూసేశాం. ఆ జాగాలో వేరే మనిషి చేరిపోయాడు." ఆ మాట జనవరిలో చెప్పి ఉంటే అని ఆగి, నీళ్ళు తాగాడు.

నారాయణమూర్తిగారు బల్ల మీంచి తలెత్తి చూశారు. నమస్కారం పెట్టాను. ఆయనా పెట్టారు. అంతే.

18 మార్చి, శనివారం

హోప్ టౌన్ వెళ్ళాను. ఫెర్రీలో తాడు విసిరింది ఎవరో కొత్త మనిషి. రెండుసార్లు తప్పి మూడోసారికి పడింది.

బాబాయి పంచ ముందు కూర్చుని కొబ్బరి పీచుతో తాడు పేనుతున్నాడు. ఎవరికని అడిగితే "సేతులూరుకోవమ్మా" అన్నాడు. పిన్ని లోపల నుంచే నా అడుగుల చప్పుడు గుర్తుపట్టింది.

ఉత్తరం చదివి వినిపించాను. మధ్యలో వదిలేద్దామనుకున్న చోటు కూడా చదివాను. ఆయన తాడు ఆపి విన్నాడు.

"ఆ తల్లికి అక్కడ పేరందించినోళ్ళెవులూ నేరు. తనంతట తనే అనీసింది" అన్నాడు. తర్వాత, "టామీబాబు బాగున్నాడు కదా? బస్, సాలు" అన్నాడు.

"బాబాయి, ఆ రోజు పేరు అందించింది నేను" అన్నాను.

"నాకు మాలుం కాదా ఏటి? నా పక్కనే ఉన్నావు కదమ్మా." నవ్వాడు కూడా. "నువ్వు సిన్నదానివి. ఇంకా బతకాల. మీ రాజబాబు పోయినప్పుడు సెప్పినాను, నీకు నానున్నానని. అది మాటే కదా."

అక్కడితో ఆపి వచ్చేసి ఉంటే ఆయన నన్ను ఎప్పటికీ అలాగే చూసేవాడు. నాకు తెలుసు. కానీ నోరు ఆగలేదు. స్టాఫ్ రూమ్ సంగతి చెప్పాను. మిఠాయి, వేళాకోళం, ఎవరని అడిగితే నేను చెప్పిన జవాబు. ఆయన గొంతు ఎలా అనుకరించానో కూడా చెప్పాను.

"నా ప్రార్థన సేసి సూపెట్టినావా?" అని అడిగాడు.

"ఊఁ."

"నవ్వినారా?"

"నవ్వారు."

ఆయన చేతిలో తాడు కింద పెట్టాడు. కోపం వస్తే బాగుండును. రాలేదు. ముఖం మాత్రం నాకు తెలియని ముఖంలా అయిపోయింది.

"ఫెర్రీ టైమవుతంది, ఎల్లు" అన్నాడు.

తొమ్మిదేళ్ళలో నేను ఆ ఫెర్రీ ఎక్కిన ప్రతిసారీ, ఆయన డ్యూటీలో ఉన్నా లేకపోయినా, రేవు దాకా వచ్చి "తండ్రి తోడుండాల" అనేవాడు. ఇవాళ ఫెర్రీ కదిలేదాకా ఒడ్డు వైపే చూశాను. పోలిరాజు ఒక్కడే నిలబడి ఉన్నాడు.

22 మార్చి, బుధవారం

కొత్త చీటీ రాశాను. ఎనిమిది మంది వచ్చారు. బాబాయి రాలేదు. ఎవరు ప్రార్థన చేస్తారంటే అందరూ నావంకే చూశారు. చీటీ నేనే రాసి, నేనే చదివి, నేనే ప్రార్థన చేశాను. నాకు పేర్లందించేవాళ్ళు ఎవరూ లేరు.

నాలుగో పేరు దగ్గర గొంతు పెంచాను. సముద్రం మీదున్న టామీబాబుని, అతని ఓడని, అందులో ఉన్నవాళ్ళందర్నీ అని కిటికీ బయటికి వినబడేలా అన్నాను. రోడ్డు మీద నారాయణమూర్తిగారు సైకిలు మీద వెళుతూ కనిపించారు, ఎవరో పిల్లలు ఆడుకుంటున్నారు.

ఎవరూ ఆగలేదు. లోపల కూడా ఎవరూ కళ్ళు తెరవలేదు. యుద్ధం అయిపోయి మూడు నెలలైంది, ఇప్పుడు ఆ పేరు ఎవరైనా అనొచ్చు.

చాప మడిచి పెట్టేటప్పుడు చూశాను. అలవాటుగా ఆయన చోటు వదిలేసి పక్కకే కూర్చున్నాను.